పరదేశపు శిక్షయు స్వదేశపు లైసెన్సును

మనుష్యుడు ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవునపుడు తనతో ఏమేమి కొనిపోవును, ఏమేమి విడిచిపోవును అను ప్రశ్న వినుటకు సులభము, విచారింపగా కఠినము. విద్యను, ధనమును, భాషను, పేరును కొనిపోవును. అతడు చేసిన తప్పు మాత్రము జరిగిన నేలయందే నిలిచిపోవునా? లేక నీడవలె వెంటవచ్చునా? సముద్రము దాటువారు కొలదిమందియై యుండిన కాలమున ఈ ప్రశ్న పండితుల వాదములకు మాత్రమే పనికివచ్చుచుండెను. నేడు అమెరికాలోనో, ఇంగ్లండులోనో, గల్ఫు దేశములలోనో బిడ్డలున్న తెలుగు కుటుంబములు ఊరూరను కలవు. కావున ఇది గృహస్థుల ప్రశ్న యైనది.

దీనిని గాలిలో విచారింపక ఒక్క చిన్న వస్తువును చేతబట్టి విచారింతము. ఆ వస్తువు మోటారు నడుపుటకు ప్రభుత్వమువా రిచ్చు లైసెన్సు. ఒకడు పరదేశమున మద్యము త్రాగి మోటారు నడిపి, అచ్చటి న్యాయస్థానమున శిక్షితుడై, స్వదేశమునకు తిరిగివచ్చెను. వాని స్వదేశపు లైసెన్సు ఏమి కావలయును? తప్పిది వేరొక రాజ్యమునకు సంబంధించినదని ఊరకుండవలయునా? లేక ఇచ్చటను దాని ఫలము కొంత అనుభవింపవలయునా?

త్రాగి మోటారు నడుపుట నేరమను భావము ఇంచుమించుగా మోటారుతోపాటే పుట్టినది. 1897వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన లండను నగరమున విద్యుచ్ఛక్తితో నడచు బాడుగబండిని త్రాగి నడిపి, ఒక కట్టడమునకు గుద్దించిన చోదకునికి న్యాయాధికారి జరిమానా విధించెను. అప్పటికి త్రాగినవానిని గుర్తించుటకు కంటిచూపును నోటివాసనయు తప్ప వేరు సాధనములు లేవు. తరువాత రక్తమునందలి మద్యమును కొలుచు విద్య వృద్ధిపొందెను. ఇంత మోతాదు దాటినచో నేరమే యని 1936లో నార్వేదేశము మొట్టమొదట శాసించెను. అదిమొదలు ఈ నేరమునకు ఒక సంఖ్య యేర్పడెను. ఆ సంఖ్య దేశదేశమునకు వేరు. నూరు మిల్లీలీటర్ల రక్తమునకు ఇంగ్లండున 1967 నాటి చట్టము 80 మిల్లీగ్రాములని నిర్ణయించెను. స్కాట్లండు 2014లో 50కి తగ్గించెను. ఐర్లండు సాధారణ చోదకులకు 50, క్రొత్తగా నేర్చినవారికిని వృత్తిగా నడుపువారికిని 20 అని 2011లో ఏర్పరచెను. స్వీడనున సుమారు 20. మన దేశమున 30. ఒకే మనుష్యుడు, ఒకే పాత్ర, ఒకే బండి. ఒకచోట నిర్దోషి, ఇంకొకచోట అపరాధి. ఈ భేదమును మనస్సున నుంచుకొని ముందునకు పోదము.

శిక్షాశాసనము రాజ్యపు టెల్లతోడనే ముగియునను సూత్రము పాతది. ఏ దేశపు న్యాయస్థానమును మరియొక దేశపు శిక్షాశాసనములను అమలుజరుపదని 1825లో అమెరికా ప్రధాన న్యాయాధిపతి జాన్ మార్షలు నిష్కర్షగా చెప్పెను. ఆ మాట ఆంటిలోప్ అను ఓడయందు పట్టుబడిన బానిసలనుగూర్చిన వ్యాజ్యమున వెలువడినది. అంతటి ఘోరమునకు సంబంధించిన సందర్భమున పుట్టిన సూత్రము న్యాయమునకు ఎంతవరకు కావలియో, ఎంతవరకు చాటో చదువరులే ఆలోచింపవలయును.

రహదారుల విషయమున దేశములు చేసికొనిన ఒడంబడికయు ఈ సూత్రము ననుసరించియే యున్నది. 1968లో వియన్నా నగరమున కుదిరి, 1980లో మన దేశముకూడ చేరిన ఆ ఒడంబడికలో 42వ అధికరణము ఇట్లున్నది. తన నేలమీద తప్పుచేసిన విదేశీయునికి ఆ దేశము తన యెల్లలోపల మోటారు నడుపు హక్కును తీసివేయవచ్చును. వాని లైసెన్సును పట్టి యుంచవచ్చును. కాని గడువు తీరినపుడో, అతడు దేశము విడిచిపోవునపుడో, ఏది ముందైన అప్పటివరకే. లైసెన్సు నిచ్చిన ప్రభుత్వమునకు ఈ సంగతి తెలుపవచ్చునని యున్నది, తెలుపవలయునని లేదు. ఇందొక విచిత్రము గమనింపదగినది. స్వదేశమున హక్కు పోయినవానిని పరదేశమువారు తమ బాటలపై నడుపనీయకుండ ఆపవచ్చునని అదే అధికరణము చెప్పుచున్నది. అనగా ఇంట పడిన మచ్చ బయటికి పోగలదు. బయట పడిన మచ్చ ఇంటికి రానక్కరలేదు.

మన చట్టమును చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 185వ సెక్షను త్రాగి నడుపుటను నేరముగా నెంచుచున్నది. 2019 సవరణ పిదప మొదటి తప్పునకు ఆరు మాసములవరకు కారాగారమో, పదివేల రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఆ నేరమునకు శిక్షించు న్యాయస్థానము లైసెన్సునకు అనర్హతకూడ విధింపవలయునని 20వ సెక్షను చెప్పుచున్నది. మన లైసెన్సు దేశమంతటను చెల్లును గనుక చెన్నపట్టణమున కలిగిన అనర్హత విశాఖపట్టణమునను అనర్హతయే. కాని ఈ నిర్బంధము ఆ చట్టము క్రింద శిక్షితుడైనవానికి మాత్రమే. డబ్లిన్లోనో డల్లాసులోనో వెలువడిన తీర్పు తనంతట తాను నడచివచ్చి మన రవాణా కార్యాలయపు లెక్కలలో చేరదు. విమానము దిగినవాడు మరునాడే తాళపుచెవి చేతబట్టి వీధిలోనికి పోవచ్చును.

అన్ని దేశములును ఇట్లే ఊరకుండలేదు. ఐర్లండు ద్వీపమున ఉత్తరభాగము బ్రిటను రాజ్యమునకు చెందినది. తక్కిన భాగము స్వతంత్ర గణరాజ్యము. నడుమ నున్న ఎల్ల సుమారు 500 కిలోమీటర్లు. దానిని దాటు బాటలు రెండువందలకు పైబడి యున్నవి. న్యూరీ, డండాక్ అను పట్టణములు చెరియొక రాజ్యమున నున్నను వానినడుమ దూరము ఇరువది కిలోమీటర్లే. ఉత్తరమున అనర్హుడైనవాడు ఒక పొలముగట్టు దాటినంతనే అర్హుడగుచుండెను. ఇరుప్రక్కల బాట ఒక్కటే, వాన ఒక్కటే, త్రాగుబోతు ఒక్కడే. ఐరోపా సమాఖ్య రాజ్యములు 1998లో ఇట్టి అనర్హతలను పరస్పరము అంగీకరించుటకు ఒడంబడిక వ్రాసికొనినను, పెక్కు రాజ్యములు దానిని ఆమోదింపలేదు. బ్రిటను ఐర్లండులు మాత్రము 2010 జనవరినుండి తమలో తాము దానిని అమలుజరిపినవి. 2015లో అందులకై ప్రత్యేకముగా సంధి చేసికొనినవి. ఒక రాజ్యమున త్రాగి నడిపి హక్కు పోగొట్టుకొనినవాని సమాచారము రెండవ రాజ్యమునకు పోవును. అచ్చటను హక్కు పోవును. ఇట్టి ఘోరపు తప్పులకు విధించిన అనర్హతను సమాఖ్య యంతటను చెల్లించుటకు 2025లో ఐరోపా సమాఖ్య క్రొత్త శాసనము నామోదించినది. దానిని అమలునకు తెచ్చుటకు రాజ్యములకు కొన్ని సంవత్సరముల గడువు ఇచ్చినది.

అమెరికాలో ఈ చిక్కు దేశము లోపలనే కలిగినది. అచ్చట ప్రతి రాష్ట్రమును తన లైసెన్సును తానే ఇచ్చును. 1960 తరువాతి సంవత్సరములలో అచ్చటి రాష్ట్రములు అధికసంఖ్యాకములు ఒక ఒప్పందమున చేరినవి. చోదకుడొకడు, లైసెన్సొకటి, చరిత్రయొకటి అనునది దాని సారము. పొరుగు రాష్ట్రమున త్రాగి నడిపినవాని తప్పును, తన నేలమీదనే జరిగినట్లు స్వరాష్ట్రము భావించి చర్య తీసికొనును.

ఈ పద్ధతికి ఎదురుచెప్పువారి మాటలు త్రోసివేయదగినవి కావు. వారు మూడు సంగతులు చెప్పుదురు. మొదటిది: పరదేశపు న్యాయస్థానమున మనవాడు తనమాట తాను చెప్పుకొనగలిగెనో లేదో యెవరెరుగుదురు? భాష రాక, న్యాయవాది దొరకక, త్వరగా బయటపడవలెనని తప్పు నొప్పుకొని సంతకము చేసియుండవచ్చును. రెండవది: కొలతలు వేరైనపుడు ఒకరి కొలతతో మరియొకరి లైసెన్సును తీసివేయుట న్యాయమా? స్వీడనున 25 మిల్లీగ్రాములకు శిక్షితుడైనవాడు మన చట్టము ననుసరించి తప్పే చేయలేదు. మూడవది: ఒక తప్పునకు రెండు శిక్షలుండరాదు. అచ్చట జరిమానా చెల్లించి, కొన్ని దినములు చెరలో నుండి వచ్చినవానిని ఇచ్చట మరల శిక్షించుట ధర్మము కాదు.

ఈ మూడు వాదములకును మూలమున ఒక్క ఊహ యున్నది. అది లైసెన్సు మనుష్యుని సొత్తనియు, దానిని తీసివేయుట శిక్షయే తప్ప మరేమియు కాదనియు తలచుట. ఈ యూహయే సరికాదని మా అభిప్రాయము. లైసెన్సు భూమివంటి ఆస్తి కాదు; బి.ఏ. పట్టమువంటి బిరుదును కాదు. పట్టభద్రుడు త్రాగినను అతడు చదివిన చదువు అబద్ధము కాదు. లైసెన్సు అట్లుగాక, ప్రభుత్వము ఇతరులకు చెప్పు సాక్ష్యము. అది చోదకుని జేబులో నున్నను, చెప్పబడినది అతనికి కాదు. బాట దాటుచున్న ముసలమ్మకును, బైసికిలుమీద బడికి పోవు పిల్లవానికిని, తెల్లవారుజామున పాలు మోసికొని వచ్చువానికిని అది చెప్పబడినది. "ఈ మనుష్యుని మేము పరీక్షించితిమి, ఇతడు బండి నడుపుచుండగా మీరు నిర్భయముగా నడువవచ్చును" అని దాని యర్థము. సాక్ష్యమిచ్చినవానికి దానికి విరుద్ధమైన సంగతి తెలిసివచ్చినపుడు, అది యే దేశమునుండి వచ్చినదని అడిగి ఊరకుండుట తగునా? మద్యము కంటిని మసకబరచుటయందును, చేతిని ఆలస్యపరచుటయందును డబ్లినని రాజమహేంద్రవరమని భేదము చూపదు.

మా వృత్తిలోనుండి ఒక ఉపమానము చెప్పెదము. ఒక పాఠశాలనుండి తొలగింపబడిన బాలుడు వేరొక పాఠశాలకు వచ్చునపుడు ప్రధానోపాధ్యాయుడు టి.సి. అడుగును, నడవడినిగూర్చి అందేమి వ్రాసియున్నదో చదువును. పాత బడిలో చేసిన తప్పునకు క్రొత్త బడిలో బెత్తము ఎత్తడు. ఎత్తినచో అది అన్యాయము. కాని రసాయనశాలలో నిప్పుతో చెలగాటమాడి తొలగింపబడినవానికి మొదటి దినముననే రసాయనశాల తాళపుచెవి ఇయ్యడు. ఇచ్చినచో అది అవివేకము. బెత్తము ఎత్తకుండుటకును తాళపుచెవి ఇయ్యకుండుటకును విరోధము లేదు. మొదటిది జరిగిన తప్పును చూచునది. రెండవది ఇక ముందు ఎదురుగా కూర్చుండు పిల్లలను చూచునది.

ఈ భేదమును గ్రహించినచో ఆ వాదములు తమ హద్దులో నిలుచును. పరదేశపు శిక్షను మనము అమలుజరుపనక్కరలేదు. పరదేశమున తేలిన సత్యమును మాత్రము విననట్లు నటింపరాదు. అయితే లైసెన్సు పోవుట కేవలము జాగ్రత్తయే, శిక్ష కానే కాదని చెప్పి చోదకుని నోరు మూయుటయు తగదు. టాక్సీ నడిపి బ్రతుకువానికి అది కూటికుండను తీసివేయుటయే. స్వీడనున త్రాగి నడిపిన యొకనికి న్యాయస్థానము శిక్ష విధించిన పిదప వేరొక అధికారము పదునెనిమిది మాసములు లైసెన్సును తీసివేయగా, అది రెండవ శిక్ష యని అతడు మొరపెట్టుకొనెను. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2005లో దానిని విచారించి, అట్లు తీసివేయుట శిక్షవంటి భారముగలదే యని ఒప్పుకొనెను. ఐనను అది మొదటి తీర్పునకు కొనసాగింపే గాని క్రొత్త విచారణ కాదని నిర్ణయించెను. భారము నొప్పుకొనియే న్యాయము చేయవలయునని మేము దీనినుండి గ్రహింతుము.

కావున స్వదేశము చర్య తీసికొనుటకు మునుపు కొన్ని కట్టుబాట్లు ఉండవలయును. 1998 నాటి ఒడంబడికలో ఇవి చాలవరకు కలవు. తన్ను తాను సమర్థించుకొనుటకు తగిన అవకాశము లేకపోయినచో ఆ తీర్పును అంగీకరింపరాదు. స్వదేశమున నేరమే కానిచో అంగీకరింపకుండవచ్చును. అచ్చట అనుభవించిన గడువును ఇచ్చట లెక్కలో చేర్చుకొనవలయును. ఈ మూడింటితో ఎదిరివారి మూడు భయములును శాంతించును. మన చట్టమునందును ఇందులకు ఒక బీజము లేకపోలేదు. త్రాగుడునకు అలవాటుపడినవానిని, అతని మాట విన్న పిమ్మట, లైసెన్సునకు అనర్హుని చేయుటకు 19వ సెక్షను అధికారికి శక్తి నిచ్చుచున్నది. అది ఫలానా రాత్రి చేసిన తప్పును కాక మనుష్యుని స్వభావమును చూచు సెక్షను. మనుష్యుని చూడదలచినవారు అతడు గడిపిన పది సంవత్సరములలో పరదేశమున గడిపిన అయిదింటిని విడిచి చూచుట యెట్లు?

ఇచ్చట మన ప్రాచీన ధర్మశాస్త్రమును తలపవలసియున్నది. సురాపానము చేసినవాని నుదుట కల్లంగడి జెండా గురుతును కాల్చి ముద్రవేయవలయునని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము విధించుచున్నది. ముద్ర నుదుట నుండుటచే వాడు ఏ రాజ్యమునకు పోయినను తప్పు వెంటనే పోవును. తప్పు ఎల్ల దాటవలయునను కోరిక ఇంత ప్రాచీనమైనది. అది ఎంత క్రూరముగా మారగలదో కూడ దీనివలననే తెలియుచున్నది. కాలిన ముద్రకు గడువు లేదు. మారినవానికిని మారనివానికిని అది ఒక్కటే. ప్రాయశ్చిత్తము చేసికొనినవారి నుదుట ముద్ర వేయరాదని ఆ శాస్త్రమే మినహాయింపు చెప్పవలసివచ్చెను. మేము కోరునది ముద్ర కాదు, గడువుగల వ్రాత. నియమిత కాలము తీరినపిదప, అతడు సరిగా నడచుకొనినచో, తుడిచివేయబడు వ్రాత. తప్పును దాచుట ఒక అన్యాయము. తప్పును ఎన్నడును విడువకుండుట మరియొక అన్యాయము.

రాజ్యములు సంధులు చేసికొనువరకు గృహస్థులు చేయవలసిన దేమియు లేదా? కలదు. పరదేశపు శిక్ష యెచ్చటికి వచ్చి ఆగుచున్నదో తెలియునా? విమానాశ్రయమున కాదు, మన యింటి గడపయొద్ద. త్రాగి నడిపి పట్టుబడిన విదేశీయుని వీసాను తీర్పు రాకమునుపే రద్దు చేయవచ్చునను పద్ధతిని అమెరికా ప్రభుత్వము 2015లో ఏర్పరచినది. ఈ కారణమున తిరిగివచ్చిన కుమారుని విషయమున తలిదండ్రులు వీసానుగూర్చి దుఃఖింతురు, చుట్టములకు ఏమి చెప్పవలయునని ఆలోచింతురు, "ఇచ్చట ఎవరికి తెలియును?" అని ఒకరినొకరు ఓదార్చుకొందురు. ఆ వారముననే పెండ్లికి పోవుటకు బండి తాళపుచెవి ఆ కుమారుని చేతికే ఇత్తురు. వీసా పోయినందుకు వచ్చిన కన్నీరు, అతడు నడిపిన బండికి ఎదురుగా నాడు ఆ పరాయి బాటపై ఉండిన మనుష్యులను తలచికొని రాదు. వారు మనవారు కారు గనుక ఆ తప్పు మన లెక్కలోనికి రాదని మనస్సులో నెక్కడనో అనుకొనుచున్నాము. కాని రేపు మన బాటపై నుండువారు మనవారే కదా!

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండ్లవలన కలుగు హానినిగూర్చి ఒక విధి యున్నది. ఇది మాకు ముద్రవిధికంటె ఎక్కువ ధర్మయుక్తముగా కన్పట్టుచున్నది. తోలువాడు సమర్థుడైయుండి హాని చేసినచో దండన వానికే. తోలువాడు నమ్మదగనివాడైనచో బండిలో కూర్చున్న ప్రతివాడును నూరేసి పణములు దండుగ చెల్లింపవలయును. బండి తోలనివారికి దండుగ ఏల? తగనివానిచేతికి పగ్గములిచ్చి నిశ్చింతగా కూర్చుండుటయే వారి తప్పు గనుక. తెలిసియుండియు తాళపుచెవి నిచ్చు తండ్రియు, ప్రక్కన కూర్చుండు తల్లియు, వెనుక నవ్వుచు కూర్చుండు మిత్రులును ఈ లెక్కలోనివారే.

శిక్షితుడై వచ్చినవానిని ఇంట వెలివేయుమని మేము చెప్పుట లేదు. వానికి చెప్పవలసినది ఒక్కటే: అచ్చటి న్యాయస్థానము ఎన్ని మాసములు నడుపరాదని చెప్పినదో, ఆ గడువు తీరువరకు ఇచ్చటను నడుపకుము, నిన్ను పట్టుకొనువారు లేకున్నను నడుపకుము, త్రాగుడు మానలేకయున్నచో వైద్యుని చూడుము. ఇంటివారికి చెప్పవలసినదియు ఒక్కటే: ఆ గడువులో వానిని మీరే బండిలో కూర్చుండబెట్టుకొని తీసికొనిపొండు, దానివలన మీ పరువు పోదు. ఏ చట్టమును అడుగకుండ, ఏ అధికారియు చూడకుండ, ఒకడు తన జేబులోని లైసెన్సును ఆరు మాసములు పెట్టెలో పెట్టి తాళము వేసికొనినచో, ఆ లైసెన్సు చెప్పు సాక్ష్యము నాటినుండి మరల నిజమగుట కారంభించును.